ముల్లు ఇరుక్కున్న పాట

ఆ ఏడాది తుఫానుకి సగం చెరుకు నేల మీద పడుకుంది. కోత ఆలస్యం అవుతుందేమో అనుకున్నాం గానీ మిల్లు ఎవరి కోసమూ ఆగలేదు. జూన్‌లో కూత పెట్టింది. చెరుకు మోసే చిన్న రైలు మా పెరటి వెనక మళ్ళీ గడగడలాడటం మొదలుపెట్టింది, ఊరంతా పాకం వాసన కమ్ముకుంది. ఆ వారమే డెస్లీ మమ్మల్ని రేడియో స్టేషన్‌కి మీటింగ్‌కి పిలిచింది.

స్టేషనంటే పెద్దదేం కాదు. పశువుల ప్రదర్శన జరిగే మైదానం వెనక, కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన పాత చెక్క ఇల్లు. పాటలు వేసేవాళ్ళెవరికీ జీతం లేదు. అన్నీ చూసుకునే డెస్లీకి మాత్రం సగం జీతం, దానికి రెండు జీతాల చాకిరీ. ఆదివారం పొద్దున చర్చిలో పూజ అయ్యాక ఒక గంట ఇటాలియన్ పాటలు వచ్చేవి. ఆ గంట మా ఆయనది. ఒత్తావియో అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాడిగా కాదు, ఆ గంట వల్ల.

వెనక గదిలో గోడ పొడుగునా రికార్డులు. ఇటలీ నుంచి ఈ దేశానికి ఓడల మీద వచ్చినవాళ్ళు బట్టల పెట్టెల్లో పెట్టుకు తెచ్చుకున్నవి. వాళ్ళు పోయాక పిల్లలు పారెయ్యడానికి చేతులు రాక తెచ్చి ఇచ్చినవి. వానాకాలం వస్తే అట్టలకి బూజు, అట్టల మీద బల్లి గుడ్లు. అయినా మా ఆయన ఒక్కొక్కటీ తీసి తుడిచి మళ్ళీ పెట్టేవాడు.

"నేలకి చెదలు పట్టాయి," అంది డెస్లీ ఆ రోజు. "బరువు దించకపోతే ఆ గది ఏదో ఒక వానకి కిందకి దిగిపోతుంది. రికార్డులా, సీడీలా, కంప్యూటరా, ఏదో ఒకటి తేల్చుకోండి. మూడూ పెట్టుకునే చోటు నా దగ్గర లేదు. కోత సీజను అయ్యేలోపు చెబితే చాలు."

"సీడీలు," అన్నాడు కంట్రీ పాటలు వేసే వెర్న్. "చిన్నగా ఉంటాయి, బూజు పట్టవు."

"పట్టవా?" అన్నాడు సాండ్రో. "మా అమ్మ సీడీలు చూద్దువుగాని రా. వెనకాల వెండి పొరని బూజు తినేసి జల్లెడలా ఉంది. మన వానలకి ఆగేది ఏదీ లేదు వెర్న్. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేద్దాం. నాలుగు చోట్ల దాచుకోవచ్చు. ఒకటి మునిగినా మూడు మిగులుతాయి."

సాండ్రో మా కళ్ళ ముందు పెరిగినవాడే. చెరుకు కోసే మిషను నడుపుతాడు, ఖాళీ ఉంటే స్టేషన్‌లో వైర్లు సవరిస్తాడు. మంచివాడు. మాటకి ముందూ వెనకా చూసుకోడంతే.

వాడన్న మాటలు నేను మా ఆయన కుడిచెవి దగ్గరకి వంగి, ఏదో ఇంటి విషయం గుసగుసలాడుతున్నట్టు, మళ్ళీ చెప్పాను. విని లేచి నిలబడ్డాడు.

"సాండ్రో, చెరుకు కోసేవాడివి నువ్వు. గడ విరుచుకుని నమలడం, స్పూనుతో పంచదార నోట్లో పోసుకోవడం ఒకటేనట్రా?"

అందరూ నవ్వారు.

"రెండూ తీపే కదా బాబాయ్!"

"నీ నాలిక్కి. నా చెవికి తేడా తెలుస్తుంది."

"కళ్ళు మూసుకుని విన్నా తెలుస్తుందా?"

సాండ్రో ఎదురుగా, మొహం మొహం చూస్తూ అడిగాడు కాబట్టి ఆ మాట నేను మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. మా ఆయన పెదాలు చూసి అందుకున్నాడు. "నిద్దట్లో విన్నా తెలుస్తుంది," అన్నాడు, ఛాతీ విరుచుకుని.

ఇంకేముంది! ఆగస్టులో ఇటాలియన్ క్లబ్బు భోజనాలు ఉన్నాయి, అక్కడే పందెం పెడదాం, తెర వెనక మూడు పాటలు రికార్డు, సీడీ, కంప్యూటర్లలో దేనిమీదైనా వేద్దాం, ఒత్తావియో ఏది దేనిమీద వేశామో చెప్పాలి, చెబితే రికార్డులు ఉంటాయి, లేకపోతే పోతాయి అని వెర్న్ చప్పట్లు కొట్టి మరీ ఖాయం చేశాడు. డెస్లీ మాత్రం నా వైపు ఒకసారి చూసి, టీ కప్పులు తియ్యడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేను మాత్రం ఆ చప్పట్లలో కలవలేదు. ఎందుకంటే మా ఆయనకి వినపడదు.

పూర్తిగా అని కాదు. ఉరుము వినపడుతుంది. రైలు కూత వినపడుతుంది. మగవాడి గొంతు దగ్గరగా ఉంటే ముక్కలు ముక్కలుగా అందుతుంది. పాట మటుకు ఆయనకి గోడ అవతల ఎవరో బస్తాలు దొర్లిస్తున్నట్టు ఉండేదట. ఇదంతా తర్వాత చెప్పాడు. అప్పటికి మా ఇంట్లో చెవుడు అన్న మాట ఎవరమూ పలకలేదు. "ఈ కాలం వాళ్ళు మాట నమిలేస్తున్నారు," అనేవాడాయన. "అవును, ఆ గదిలో గాలిపంకా రొద కూడా ఎక్కువే," అనేదాన్ని నేను. అలా ఒకరికొకరం మాట అందించుకుంటూ రోజులు నెట్టాం.

ఆదివారాలు స్టూడియోలో ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఊళ్ళోవాళ్ళు ఫోను చేసి పాట అడిగితే నేనే ఎత్తి, పేర్లు కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని. పాట చివరికి వస్తుంటే బల్ల కింద ఆయన మోకాలి మీద వేలితో తట్టేదాన్ని. ఆయన నిదానంగా మైకు దగ్గరకి జరిగి, "ఎంత చక్కగా పాడాడో విన్నారా!" అనేవాడు. తల మీద హెడ్‌ఫోన్లు కిరీటంలా ఉండేవి. ఎవరికీ తెలియదనుకున్నాం. ఎంత బాగా ఆడుతున్నామో అని, పాపం, నాకు లోలోపల కాస్త గొప్పగా కూడా ఉండేది.

ఆ రోజు ఇంటికి వచ్చాక వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ గట్టిగానే అన్నాను. "ఏం అవసరం నీకీ పందెం? కంప్యూటరంటే కంప్యూటరని ఊరుకుంటే పోయేదిగా?"

ఆయన వినపడనట్టు ఊరుకున్నాడు. నిజంగా వినపడలేదా, వినదలచుకోలేదా అన్నది ఆ రోజుల్లో నాకూ తెలిసేది కాదు. సింకులో గోరువెచ్చని నీళ్ళు పట్టి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, రికార్డు కడుగుతున్నాడు. మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచి, కిటికీ అద్దాల్లోంచి వచ్చే ఎండకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదిగో, ఇక్కడ నిగనిగలాడుతోందే, ఇక్కడ వాయిద్యాలు తక్కువ," అన్నాడు. "ఇక్కడ బూడిదరంగుగా ఉందా, ఇక్కడ అందరూ కలిసి వాయిస్తారు."

"అయితే?"

"అయితే ఏముంది. ఊరికే చెప్పాను."

దాన్ని ప్లేయర్ మీద పెట్టి ముల్లు దించి, చెక్క మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నాకేదో భక్తి అనిపించింది. అంతకు మించి ఆలోచించలేదు.

పందెం ముందు రోజు, గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి నన్ను చూసి అడిగాడు. "నువ్వు నా పక్కనే కూర్చుంటావుగా?"

"కూర్చోక ఎక్కడికి పోతాను?" అన్నాను.

క్లబ్బు హాల్లో ఆ మధ్యాహ్నం ఊరు ఊరంతా ఉంది. పొడుగాటి బల్లలు, వాటి మీద పరిచిన కాగితాలు, పళ్ళేల నిండా పాస్తా, వేయించిన వంకాయ ముక్కలు, ఇంట్లో చేసిన వైను. మామిడి పూత వాసన కిటికీల్లోంచి వస్తోంది. వేదిక మీద ఒక దుప్పటి కట్టి, దాని వెనక సాండ్రో మిషన్లు అమర్చుకున్నాడు. ముందు రెండు కుర్చీలు. మా ఆయన తెల్లచొక్కా, టై. పెళ్ళిళ్ళకి వేసుకునే బూట్లు. వాటి అడుగులు పలచన. వేదిక చెక్కల అదురు కాళ్ళకి బాగా తెలుస్తుందని వాటిని వేసుకున్నాడని నాకు తట్టలేదు.

ఆయన అక్క అగాతీనా ముందు బల్ల దగ్గరే కూర్చుంది. ఎనభై దాటినా మాట కత్తిలా ఉంటుంది. "ఏరా తమ్ముడూ, టై బిగించుకున్నావు, ఊపిరాడుతోందా?" అని చేతులు తిప్పుతూ అరిచింది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు.

మొదటి పాట. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నాకు తేడా తెలియలేదు. వెనకాల చిటపటలు ఏవో ఉన్నాయని మటుకు అనిపించి మోకాలి మీద తట్టాను. "రికార్డు!" అన్నాడు. హాలంతా చప్పట్లు. రెండోది. ఏమీ తట్టలేదు నేను. "కంప్యూటర్," అన్నాడు, పెదవి విరిచి. అదీ ఒప్పయింది. గుడ్డి అదృష్టమే గానీ నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెర్న్ తలమీది టోపీ తీసి ఊపాడు.

మూడోది పెట్టాడు సాండ్రో. పాత పాట, పెళ్ళిళ్ళలో అందరూ పాడుకునేదే. ఒక చరణం సాఫీగా నడిచింది. తర్వాత గాడిలో ఎక్కడ బూజు తిన్నదో ఏమో, ముల్లు ఇరుక్కుంది. గాయకుడు "నువ్వొస్తే" అన్నాడు. మళ్ళీ "నువ్వొస్తే". మళ్ళీ "నువ్వొస్తే".

మా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. చిన్నగా నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఒక చెయ్యి గాల్లో పాటకి తాళం వేస్తోంది. పాట ఎప్పుడో ఆగిపోయింది, ఆయన తాళం మటుకు తర్వాతి చరణంలోకి వెళ్ళిపోయింది.

నా చెయ్యి ఆయన మోకాలి వైపు వెళ్ళింది. వెళుతూ వెళుతూ ఎందుకో హాలు వైపు చూశాను. ఎవరైనా నవ్వుతున్నారేమో అని.

ఎవరూ నవ్వడం లేదు. ఎవరూ ఆశ్చర్యపోనూ లేదు. అందరూ పళ్ళేల్లోకి చూస్తున్నారు. రొట్టెలమ్మే ఆవిడ తన మనవరాలి నోటి మీద చెయ్యి పెట్టి ఉంది. పిల్ల నవ్వాక మూసిన చెయ్యి కాదది. ముందే సిద్ధంగా పెట్టుకున్న చెయ్యి. అగాతీనా రొట్టె ముక్కలు కోస్తోంది, అక్కర్లేనన్ని ముక్కలు.

దుప్పటి వెనక ముల్లు లేచిన చప్పుడైంది. వెంటనే సాండ్రో గొంతు మైకులో వచ్చింది. "సరిగ్గా చెప్పావు బాబాయ్! అది కూడా రికార్డే!"

అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. వెర్న్ లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆ కదలికకో, నేల అదురుకో మా ఆయన కళ్ళు తెరిచాడు. చేతులన్నీ ఆడుతున్నాయి. ఆయన అందర్నీ ఒకసారి చూశాడు.

"నేనింకా చెప్పలేదుగా?" అన్నాడు.

చప్పట్లు ఒకటీ అరా మిగిలి, అవీ ఆగిపోయాయి. ఆయన దుప్పటి పక్కనుంచి తల బయటపెట్టిన సాండ్రోని చూశాడు. అక్కని చూశాడు. అప్పుడు నన్ను చూశాడు. నా చెయ్యి ఇంకా ఆయన మోకాలి దగ్గరే గాల్లో ఉంది.

"పాస్తా చల్లారిపోతోంది," అన్నాడు మెల్లగా, మైకు లేకుండానే. "తినండి, తినండి."

మేమూ తిన్నాం. లేచి వెళ్ళిపోతే బాగుండదని కూర్చుని తిన్నాం. ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. పక్కవాళ్ళు వంకాయ వడ్డిస్తూ, వానల గురించీ చెరుకు ధర గురించీ మాట్లాడారు. ఎంత మామూలుగా మాట్లాడారంటే, అంత మామూలుగా మాట్లాడటం వాళ్ళకి బాగా అలవాటని తెలిసిపోతూనే ఉంది.

ఆ ఆదివారం ఆయన స్టేషన్‌కి వెళ్ళలేదు. ఆ తర్వాత వారం కూడా వెళ్ళలేదు. మా గంటలో డెస్లీ ఏవో వాయిద్యాలు వేసింది. ఇన్నేళ్ళలో మానడం అదే మొదలు. అయినా ఏమైందని ఒక్కరూ ఫోను చెయ్యలేదు. అది కూడా ఊరంతా కలిసి అనుకున్నదే కాబోలు అని నాకు ఒళ్ళు మండింది.

పూజకి వెళ్ళడం మానేశాం. రొట్టె కోసం పక్క ఊరికి కారు వేసుకుని వెళ్ళేదాన్ని. ఎదురుగా తెలిసినవాళ్ళ కారు వస్తే ఎండ తెర కిందకి దించుకునేదాన్ని. ఆయన పొద్దున్నే కూరగాయల మడిలోకి దిగితే పొద్దుపోయేదాకా వచ్చేవాడు కాదు. మాట్లాడటం మానేశాడు. వినపడనివాడు మాట్లాడటం కూడా మానేస్తే ఇల్లు ఎలా ఉంటుందో చెప్పలేను. ఫ్రిజ్ రొద వినపడుతూ ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం నూనెలో ఊరవేసిన ఆలివ్ కాయల సీసా పట్టుకుని అగాతీనా వచ్చింది. కూర్చోమనలేదు నేను. ఆవిడే కూర్చుంది.

"ఎప్పట్నుంచి తెలుసు వదినా?" అన్నాను.

"ఏది?"

"తెలియనట్టు మాట్లాడకు."

ఆవిడ సీసా మూత బిగించింది, వదులు చేసింది, మళ్ళీ బిగించింది. "నీకు డెంగీ జ్వరం వచ్చింది చూడు, ఆ ఏడు. నువ్వు మంచంలో ఉంటే వాడొక్కడే వెళ్ళాడు. పాట అయిపోయింది. ముల్లు గీరుకుంటూనే ఉంది. వీడు తర్వాతి పాట గురించి చెబుతాడు, చెప్పాక పాట రాదు. అదే గీరుడు. ఆ గంటంతా ఊరు ఊరంతా ఆ గీరుడు విన్నాం."

"ఎవరూ చెప్పలేదే?"

"ఏమని చెప్పమంటావు? ఎవరి ఇంట్లో వాళ్ళం రేడియో ముందు కూర్చుని ఏడ్చాం. మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. అంతే. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అప్పట్నుంచి వాడికి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాం. వాడికి బాగా తెలిసిన పాటలే అడుగుతున్నాం. నాకు ఆ నిమ్మతోట పాటంటే అసహ్యం. అయినా నెలకోసారి అడిగాను."

ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నేను ఎత్తిన ఆ ఫోన్లు అన్నీ. "అబ్బ, మళ్ళీ అదే పాటా!" అని నవ్వుతూ నేను రాసిన ఆ చీటీలు. బల్ల కింద నా వేలి తట్టుడు. మేము ఊరిని మోసం చేస్తున్నామనుకుంటే, ఊరు మమ్మల్ని చంకలో పిల్లల్లా మోస్తోంది.

"మా మీద జాలిపడ్డారన్నమాట," అన్నాను.

"జాలంటావో ఇంకోటంటావో, నీ నోటికి ఏది వస్తే ఆ పేరు పెట్టుకో." ఆవిడ గొంతు లేచింది. "వాడి చెవులు పోయాయి, వాడు మూలుగుతున్నాడంటే అర్థం ఉంది. నీకేం పోయింది? తలుపులేసుకుని కూర్చున్నావు. పక్క ఊరి రొట్టె మన రొట్టె కంటే బాగుందా?"

"సిగ్గేస్తోంది వదినా."

"మాకు వెయ్యలేదా? చప్పట్లు కొట్టాం చూడు, ముందే కొట్టేశాం చూడు. సాండ్రోగాడు మా గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు." లేచి నిలబడింది. "ఆ ఆలివ్‌లు ఎండలో పెట్టకు."

ఆ సాయంత్రం టమాటా మొక్కలకి ఊతకర్రలు కడుతూ ఆయన నన్ను పిలిచాడు. తాడు పట్టుకోమన్నాడు. నేను పట్టుకున్నాను. మొక్క మీంచి నన్ను చూడకుండానే అన్నాడు. "నేను చెవిటివాణ్ణి నెరీనా."

తల ఊపాను. ఆయన చూడలేదు కాబట్టి దగ్గరకి వెళ్ళి, భుజం పట్టుకుని నా వైపు తిప్పుకుని, మళ్ళీ ఊపాను.

"నా మూలంగా నీకు సిగ్గేసిందా?"

"వేసింది," అన్నాను. అబద్ధం చెప్పినా నా మొహం ఆయన చదివేస్తాడు, నలభై ఏళ్ళుగా చదువుతున్నదే.

ఆయన ముడి బిగించాడు. "నాకూ వేసింది," అన్నాడు. "అయితే నువ్వనుకున్నట్టు కాదు. అక్కడ కూర్చుని నిజంగా పాట వింటున్నాననే అనుకున్నాను. లోపల పాడుకుంటున్నాను కదా, మొత్తం తెలుసు కదా. బయట ఆగిపోయిందని నాకెలా తెలుస్తుంది?"

కోత ముగింపుకొచ్చింది. పొలాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఎక్కడ చూసినా ఎండుటాకు పరుచుకుని ఉంది. అప్పుడొకనాడు సాండ్రో మా మెట్లెక్కాడు. చంకలో కంప్యూటరు. పని బట్టల మీద చెరుకు నూగు ఇంకా ఉంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"పిన్నీ, బాబాయ్‌కి ఒకటి చూపించాలి. వద్దంటే పోతాను."

మా ఆయన టేబుల్ దగ్గర కుర్చీ లాగి చూపించాడు. కూర్చోమనలేదు, లాగి చూపించాడు. సాండ్రో కంప్యూటరు తెరిచి, మా రికార్డుల గదిలోంచి ఎక్కించిన ఒక పాట పెట్టాడు. తెర నిండా పచ్చటి గీత ఒకటి పరుచుకుంది. ఎత్తుపల్లాలు, సన్నటి చోట్లు, లావుపాటి చోట్లు.

"ఇదేంటి?" అన్నాడు మా ఆయన.

"పాట, బాబాయ్," అన్నాడు సాండ్రో, ఎదురుగా వంగి, పెదాలు బాగా కదిలిస్తూ. "ఇదంతా పాటే. ఇక్కడ మొదలు, ఇక్కడ ఆఖరు. ఈ నిలువు గీత చూశావా, ఇది నడుస్తూ ఉంటుంది. ఇప్పుడు ఎక్కడుందో అది చెబుతుంది. ఆగిపోతే ఇదీ ఆగిపోతుంది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని మొహం తెరకి దగ్గరగా పెట్టాడు. ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివరకి చూపు నడిపించాడు. తర్వాత ఒక సన్నటి చోట వేలు పెట్టాడు.

"ఇక్కడ ఆవిడ ఊపిరి తీసుకుంటుంది. తర్వాత ఒక్కర్తే పాడుతుంది. ఈ లావుగా ఉన్నచోట అందరూ కలుస్తారు. ఇది పడవ పాట. అవునా?"

సాండ్రో నా వైపు చూశాడు. పేరు ఎక్కడా రాసి లేదు.

"రికార్డు మీద కూడా నాకు ఇలాగే కనపడేది," అన్నాడు మా ఆయన. "వెలుగుకి పట్టుకుంటే పాటంతా కనపడేది. ముల్లు ఎంత దూరం వచ్చిందో కనపడేది. చెక్క మీద చెయ్యి పెడితే తెలిసేది. మీ పిన్నికి జ్వరం వచ్చినప్పుడు ఒక్కణ్ణే తడబడ్డాక నేర్చుకున్నాను ఇదంతా. సీడీ అయితే మూత పడిపోతుంది, ఇంకేమీ లేదు. కంప్యూటరంటే ఉత్త పెట్టె అనుకున్నాను. అందుకే కొట్లాడాను రా. చెవికి తేడా తెలిసి కాదు."

నేను ఆయన పక్కన అన్నేళ్ళు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయనకి నా వేలే ఆధారం అనుకున్నాను. నేను తట్టినప్పుడల్లా ఆయనకి అప్పటికే తెలుసు. నన్ను చిన్నబుచ్చకూడదని తట్టనిచ్చాడు. మా ఇద్దరిలో ఎవరు ఎవర్ని కాపాడుతున్నారో అప్పుడు నాకు తెలిసింది. లేచి వెళ్ళి పొయ్యి మీద కాఫీ పెట్టాను, వాళ్ళ వైపు వీపు పెట్టుకుని.

మిల్లు ఆగిన వారం స్టేషన్‌లో మళ్ళీ మీటింగ్ అయింది. మా ఆయన లేచాడు. "నాకు వినపడదు. మీ అందరికీ తెలుసు. మీకు తెలుసని ఇప్పుడు నాకూ తెలుసు," అన్నాడు. "పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించండి. నాకు అందులో కనపడుతున్నాయి. రికార్డులు ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళండి. మీ అమ్మానాన్నలవి, మీ ఇళ్ళల్లో ఉండాలి." వెర్న్ సీడీల మాట మళ్ళీ ఎత్తలేదు. డెస్లీ ముక్కు తుడుచుకుంటూ, టీ ఎవరికి కావాలని అడిగింది.

అంతటితో సిగ్గు పోయిందని చెబితే అబద్ధం. ఆ మాట ఒకసారి బయటికి వచ్చాక ఊరు మారిపోయింది. అంతకు ముందు ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడినవాళ్ళు ఇప్పుడు వీధి అవతల నుంచి అరవడం మొదలుపెట్టారు. ఇక దాచక్కర్లేదు కదా అని కాబోలు, పసివాడితో మాట్లాడినట్టు చేతులు ఊపుతూ అరిచేవాళ్ళు. "ఒత్తావియో! బా... గు... న్నా... వా!" ఆయన నవ్వి టోపీ ఎత్తేవాడు.

"అరుస్తున్నారు కదూ?" అని ఒకసారి అడిగాడు నన్ను.

"నీకెలా తెలుసు?"

"మెడ నరాలు ఉబ్బుతున్నాయి."

టౌన్స్‌విల్ పట్నానికి వెళ్ళి చెవి మిషను తెచ్చుకున్నాం. అది పెట్టుకుంటే అన్నీ వినపడతాయి, మాటలు తప్ప అనేవాడు. పెట్టుకున్న రోజు పెట్టుకునేవాడు, లేని రోజు లేదు.

క్రిస్మస్ ముందర ఒక శనివారం, మా ఊరి రొట్టెల కొట్టుకే వెళ్ళాం. చాలా నెలల తర్వాత మొదటిసారి. గుమ్మం దాకా వరస ఉంది. తెలియని మొహం ఒక్కటీ లేదు. ఆ రోజు మిషను తెచ్చుకోలేదాయన. కొట్టు చివర అద్దాల పెట్టెలో ఉన్న తీపి రొట్టెలు చూస్తూ అటు వెళ్ళిపోయాడు. నా వంతు వచ్చింది. రొట్టెలమ్మే ఆవిడ నవ్వుతూ, "ఏది ఇవ్వమంటావు నెరీనా?" అంది. అలవాటుగా నాకు తోచింది ఏదో ఒకటి చెప్పేసి బయటపడదామనుకున్నాను. చెప్పబోయాను కూడా.

చెప్పలేదు. వెనక్కి తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఒత్తావియో! నీకే రొట్టె కావాలి?"

కొట్టంతా తిరిగి చూసింది. నా మొహం చెవుల దాకా మండిపోయింది. ఆయన వినలేదు. అందరూ చూస్తున్న వైపు చూసి, వరస దాటుకుంటూ మెల్లగా నా దగ్గరకి వస్తున్నాడు. తొందరపెట్టకుండా, కళ్ళు దించుకోకుండా, ఆయన వచ్చి వేలు పెట్టి చూపించేదాకా అలాగే నిలబడ్డాను.